కొలత కప్పు అడుగున లంగరు

ఇవాళ పొద్దున ఉప్మాకి రవ్వ కొలుస్తుంటే వీడియో కాల్‌లో అమ్మ నవ్వింది. "ఈ కప్పుల లెక్కలేంటే, గ్లాసుతో పోసుకోక!" ఆ గాజు కప్పు పాత సామాన్ల కొట్లో డాలరుకి కొన్నది. ఎర్రగీతలు సగం అరిగిపోయాయి. కడిగి బోర్లిస్తే అడుగున లంగరు గుర్తు. ఇన్నేళ్ళూ చూడనేలేదు. సముద్రమే లేని ఒహాయోలో లంగరేమిటి?

ఆదివారం కదా, కూర్చుని చదివాను. ఆంకర్ హాకింగ్ అనే గాజు సామాన్ల కంపెనీ వాళ్ళది. మా కొలంబస్ నుంచి ముప్పావుగంట దూరంలో ఉన్న లాంకాస్టర్ వాళ్ళ ఊరు. 1905లో ఐజాక్ కాలిన్స్ అక్కడ ఓ పాత కార్బన్ ఫ్యాక్టరీలో గాజు పని మొదలుపెట్టాడు. హాకింగ్ అంటే ఆ ఊళ్ళో పారే నది. ఫ్యాక్టరీ నిండా మసి ఉండటంతో దానికి 'నల్లపిల్లి' అని ముద్దుపేరు. అది 1924లో కాలిపోతే అక్కడే మళ్ళీ కట్టారు. 1929 తర్వాత జనం చేతుల్లో డబ్బు ఆడనప్పుడు నిమిషానికి 90 గాజు సామాన్లు తీసే మెషిన్ పెట్టి, ఐదు సెంట్లకి రెండు గ్లాసులు అమ్మారట. ఇక లంగరంటారా, 1937లో వీళ్ళతో కలిసిన సీసామూతల కంపెనీ పేరు ఆంకర్. అంతే. నేనేమో ఓడల కథ ఊహించుకున్నాను.

1987లో న్యూవెల్ అనే కంపెనీ కొన్నాక యజమానులు మారుతూనే ఉన్నారు. 2006లో ఒక దివాలా, 2015లో ఇంకోటి. కొలిమి మాత్రం లాంకాస్టర్‌లోనే ఉంది.

2024లో పెన్సిల్వేనియాలోని షార్లెరాయ్ ఊళ్ళోని పైరెక్స్ గాజు గిన్నెల ఫ్యాక్టరీ వీళ్ళ చేతికొచ్చింది. 1936లో కార్నింగ్ అనే గాజు కంపెనీ కొనకముందు నుంచీ అక్కడ గాజు చేస్తున్నారు. దాన్ని 2025లో మూసేసి, పనిని లాంకాస్టర్‌కి తెచ్చుకున్నారు. మా పక్క ఊరు నిలబడిందని ఒక్క క్షణం సంతోషపడ్డ మాట నిజం. తర్వాత అక్కడ ఉద్యోగాలు పోయిన మూడొందల మంది సంగతి చదివాను. పోయినేడు మా ఆఫీసులో ఓ టీమ్ పనిని వేరే ఊరికి మార్చినప్పుడు, నా పక్క సీటావిడ మొక్కల కుండీలు నాకిచ్చి వెళ్ళింది. ఇవాళ వాటికి నీళ్ళు పోయడం మర్చిపోయాను.

రాత్రి మినప్పప్పు నానబోశాను. రెండు కప్పులు. గీత సరిగా కనిపించక, అమ్మ చెప్పినట్టే అందాజుగా పోశాను.