బురద మరకల రిజిస్టర్

నిన్న రాత్రి పదకొండున్నరకి గ్రాంట్ అప్లికేషన్ సబ్మిట్ చేశాం. టెన్షన్ ఇంకా తగ్గలేదు.

విజయవాడ సింగ్ నగర్‌లో పిల్లలకి సాయంత్రం క్లాసులు చెప్పే చిన్న సొసైటీ మాది. పోయినసారి పెట్టిన అప్లికేషన్ వెనక్కొచ్చింది. సీఎస్ఆర్-1 నంబర్ లేదన్నారు. కంపెనీలు సమాజసేవకి ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు మనలాంటి సంస్థలకి రావాలంటే, కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైతే వచ్చే ఆ నంబర్ 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవాళ్లకి పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు ఉండాలి, మూడేళ్లు పనిచేసినట్టు చూపించాలి.

పని చేశాం. చూపించడానికే కష్టమైంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా గదిలో నడుము లోతు నీళ్లు. హాజరు రిజిస్టర్లు, ఓచర్లు బురదలో ముద్దయ్యాయి. ఒక్కో కాగితం మెల్లగా విడదీసి, డాబా మీద పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టాం. లెక్కలు మాత్రం ఆడిటర్ గారు బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఓపిగ్గా మళ్లీ రాశారు. ఆయన రుణం తీరేది కాదు. సంస్థలు నడిపేవాళ్లు దయచేసి ప్రతి ఓచర్‌నీ ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

అప్లికేషన్‌లో ‘మీ పని వల్ల ఏం మారింది?’ అన్న ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పెద్ద పెద్ద మాటలు రాసి కొట్టేశాను. "తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేదే, ఆ పిల్ల సంగతి రాయండి సార్" అంది మా టీచరమ్మ. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అదే రాశాను. ఆరిన రిజిస్టర్‌లో తన హాజరున్న పేజీని, మరకలతో సహా, స్కాన్ చేసి జతచేశాం.