వడియాలు పెట్టిన చీర, సగం కుట్టిన బొంత

సంక్రాంతికి ఊరెళ్తే అత్తయ్య పెద్ద బూడిద గుమ్మడికాయ ఇచ్చి పంపారు. వారం రోజులు వంటింట్లో ఓ మూల అలాగే ఉంది, చివరికి శనివారం రాత్రి తీరిక చేసుకుని చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి నీరంతా దిగిపోయింది. ఇక్కడ తొందరపడితే వడియాలు సరిగ్గా ఎండవు. మినప్పప్పు పొట్టు కొంచెం ఉంచేసి, పచ్చిమిర్చి, ఇంగువ వేసి గట్టిగా రుబ్బాను, ఎందుకంటే పిండి కాస్త జారైనా వడియం నిలబడదు, పరుచుకుపోతుంది.

ఆ పిండిలో గుమ్మడి ముక్కలు కలిపి, డాబా మీద అమ్మ పాత నూలు చీర పరిచి వడియాలు పెట్టాను. బాగా ఎండాక గుడ్డ వెనక నీళ్లు చిలకరిస్తే ఒక్కొక్కటే టప్పున ఊడొస్తుంది, ఆ చప్పుడు నాకెంత ఇష్టమో! తిప్పి మళ్లీ ఎండబెట్టాలి.

కాకులు రాకుండా కాపలా కాస్తూ బొంత కుట్టాను. అమ్మవే 4 చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, చుట్టూ టాకాలు వేసి, వరసగా కుట్టుకుంటూ పోవడమే. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలైతేనే సూది సులువుగా దిగుతుంది, ఒంటికీ హాయి. ఒక అంచు నెమలికంఠం రంగు, నా బారసాలకి అమ్మ కట్టుకున్న చీరట. అక్కడికొచ్చేసరికి కుట్లు వాటంతటవే దగ్గరగా పడుతున్నాయి.

నిన్న రాత్రి ముద్దపప్పులోకి వడియాలు వేయించాను. "అమ్మా, ఇంకో రెండు" అని పాప కంచం చాపింది. డబ్బా అప్పుడే సగమైంది, బొంత కూడా సగమే అయింది.