ట్రంపెట్ల ముందు కుర్చీ

నేను పాశ్చాత్య సంగీత ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తాను, వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం. నా కుర్చీ ట్రంపెట్లకి సరిగ్గా ముందు. ఎవరైనా "మీకేంటండీ, రోజంతా సంగీతమే, హాయి" అంటే ఒక్క రిహార్సల్‌కి వాళ్లని అక్కడ కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకుంటాను. కానీ వయోలా ఉండేది దవడ కింద, చెవి మూయగానే దాని మోత ఎముక గుండా ఎక్కి తలంతా నిండిపోతుంది, పక్కవాళ్లది మాత్రం వినబడదు, అది వినకపోతే శ్రుతి ఎలా కలుస్తుంది, కమాను వాళ్లతో పాటు ఎలా పడుతుంది? అందుకని ట్రంపెట్లు అందుకునే ముందు, నేను వాయించక్కర్లేని ఆ కాస్త విరామంలో ప్లగ్స్ గబుక్కున తోసుకోవడం, మెత్తటి భాగం రాగానే పీకేయడం. నా కాగితాల మీద పెన్సిల్ గుర్తుల్లో సగం స్వరాల కోసం కాదు, చెవుల కోసమే.

ట్రంపెట్ల వాళ్లని ఏమీ అనలేం. వాళ్ల ముందున్న కాగితంలో గట్టిగా వాయించమనే ఉంటుంది.

2012లో లండన్ రాయల్ ఓపెరా హౌస్‌లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన ఓపెరా రిహార్సల్ చేస్తూ ఒక వయోలా కళాకారుడు చెవులు పాడుచేసుకున్నాడు. ఆయన కూడా ట్రంపెట్ల ముందే. శబ్దం 137 డెసిబెల్స్ దాకా వెళ్లింది. కేసు వేస్తే 2018లో హైకోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది: కళ పేరు చెప్పి చట్టాన్ని పక్కన పెట్టడం కుదరదు, మిగతా పనివాళ్లకున్న రక్షణ సంగీతకారులకీ ఉంటుంది అని. ఇంత మామూలు సంగతి కోర్టు చెప్పాల్సి వచ్చిందే అని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మరి నువ్వెందుకు నోరు విప్పవు అంటారా? ఈ కుర్చీ కోసం, వాయించేది ఎవరో తెలియకూడదని తెర వెనక, నడక చప్పుడు కూడా వినబడకుండా తివాచీ మీద నిలబడి ఆడిషన్ ఇచ్చాను. అదీ నాలుగోసారికి వచ్చింది. ఆ క్యూ ఇంకా అలాగే ఉంది.

రెండేళ్లు వాయిదా వేసి మొన్న వినికిడి పరీక్షకి వెళ్లాను. బీప్ వినబడితే బటన్ నొక్కాలి. అలవాటుకొద్దీ బీప్‌కీ బీప్‌కీ మధ్య లెక్కపెట్టడం మొదలుపెట్టాను, కాసేపటికి నేను నొక్కుతున్నది విని కాదు, అంచనా వేసి అని నాకే తెలిసిపోయింది. మళ్లీ మొదటినుంచి చేయమని అడిగాను. ఈసారి ఎడమ చెవి గీత 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచు స్వరాల దగ్గర, గుంటలోకి దిగింది. పెద్ద శబ్దాల దెబ్బకి పడే గుంట అది.

కాగితం మడిచి వయోలా పెట్టెలో పెట్టుకున్నాను. సాయంత్రం కచేరీ ఉంది, ఎవరికీ చెప్పలేదు.