రాజా ఉన్న ఇంట్లో మల్లికి శిక్షణ: మార్చి నుంచి జూన్ దాకా

మార్చి

మార్చి రెండో వారంలో మా ఇంటికి వచ్చిన మల్లి నాటుజాతి ఆడ కుక్కపిల్ల. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న తీరును బట్టి దాని వయసు నాలుగు నెలలు దాటిందని పశువైద్యుడు చెప్పారు. ఇంట్లో అప్పటికే ఎనిమిదేళ్ల లాబ్రడార్ రాజా ఉన్నాడు. ఈ నెలల్లో నేను ముఖ్యంగా గమనిస్తూ వచ్చింది ఒక్కటే: మల్లి నా మాట విని చేస్తోందా, లేక రాజా చేసింది చూసి చేస్తోందా? రెండు కుక్కలున్న ఇంట్లో ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మల్లి టీకాలన్నీ పూర్తయిన పిల్ల కాబట్టి మొదటి పరిచయాన్ని ఇంట్లో కాకుండా వీధిలోనే చేయించగలిగాను. హైదరాబాద్‌లో మేముండే సైనిక్‌పురి లోపలి వీధుల్లో పొద్దున్నే రద్దీ తక్కువ. నేను రాజాను, మా తమ్ముడు మల్లిని పట్టుకుని రోడ్డుకు చెరో అంచున ఒకే దిక్కుగా నడిచి, పట్టీలు వదులుగా ఉన్నంతవరకు మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాం. కొత్త కుక్కలను ముఖాముఖి నిలబెడితే అది సవాలు లాగా తోచే అవకాశం ఉంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడు మాత్రం ఒకదాని వాసన మరొకదానికి అందుతూనే, తప్పుకోవడానికి చోటూ ఉంటుంది.

ఇంట్లో అన్నం గిన్నెలను వేరు చేశాను. రాజా వెనక వరండాలో, మల్లి ముందుగదిలో, మధ్య తలుపు వేసి తింటారు. తినడం అయిన వెంటనే గిన్నెలు తీసేస్తాను. నమిలే ఎముకలు, బొమ్మలు కూడా ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు నేల మీద ఉండవు. మల్లి మరీ మీద పడితే రాజా గుర్రుమంటాడు, అందుకు నేను వాణ్ణి ఎప్పుడూ కసరను. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని తిట్టి మాన్పిస్తే హెచ్చరిక లేకుండా నేరుగా కరిచే కుక్క తయారయ్యే ప్రమాదం ఉంది. నిజానికి అంతకు ముందే వాడు తల పక్కకు తిప్పుకుంటాడు, పెదవులు నాక్కుంటాడు, ఒళ్లు బిగదీసుకుంటాడు. ఆ గుర్తులు కనిపించగానే మల్లిని నా దగ్గరకు పిలిచి, వాడికి పడుకునే చోటు విడిచిపెట్టడం నా పని.

ఏప్రిల్

అసలు శిక్షణ ఈ నెలలోనే మొదలైంది. ఇద్దరినీ ఎదురుగా పెట్టుకుని నేర్పితే మల్లి నా చేతిని కాక రాజా కదలికలను చూస్తుంది. అందుకని వాణ్ణి గదిలో ఉంచి, దానికి ఒక్కదానికే రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఐదు నిమిషాలకు మించకుండా నేర్పాను. బహుమతికి ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకున్నాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి మన కూరలోని ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. లాబ్రడార్ ఒళ్లు తొందరగా పెరుగుతుంది. ఈ చిరుతిండి రోజు ఆహారంలో పదో వంతు దాటకుండా, ఆ మేరకు అన్నం తగ్గించాను.

పిలుపుకు 'రా' అనకుండా 'ఇటు' అని పెట్టుకున్నాను, లేకుంటే పెద్దవాడి పేరు సగంలోనే చిన్నది పరిగెత్తుకొస్తుంది. 'ఇటు', 'కూర్చో' విడిగా కుదిరాక పేర్ల సాధన మొదలుపెట్టాను: ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరి పేరు పలికితే వాళ్లకే ముక్క. రెండోది ముందుకు దూకితే చేయి మూసేస్తాను, అంతే. అరవడం లేదు, తోయడం లేదు. నా లెక్కలో ఇంతకు మించి ఫలితమిచ్చిన సాధన మరొకటి లేదు, ఎందుకంటే పక్కవాడికి దక్కినా తన వంతు తప్పక వస్తుందని ఇద్దరికీ దీనివల్లే తెలిసింది.

ఇబ్బంది అమ్మతో వచ్చింది. "నోరులేని జీవంరా, ఒక్క ముద్ద పెడితే ఏమైంది?" అంటూ పెరుగన్నం కంచంలోంచే పెట్టేది. వద్దని వాదించకుండా ఆ పనిని ఆవిడకే అప్పగించాను: భోజనం ముగిశాక, ఇద్దరూ కూర్చున్నప్పుడు మాత్రమే, వాళ్ల గిన్నెల్లోనే ముద్ద. ఇప్పుడు ఇంట్లో అందరికన్నా కచ్చితంగా 'కూర్చో' అనిపించేది అమ్మే.

మే

ఎండ 40 డిగ్రీలు దాటే ఈ నెలలో నడక పొద్దున ఆరున్నర లోపు, రాత్రి రోడ్డు చల్లారాక మాత్రమే సాగింది. అరచేతి వెనక వైపును తారు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే వెనక్కి వచ్చేస్తాను. పట్టీ లాగకుండా నడవడం కూడా ముందు విడివిడిగానే నేర్పాను. వీధికుక్కలు కనిపించినప్పుడు మల్లి కన్నా రాజాయే ముందుగా మొరుగుతాడు, అది విని ఇదీ అందుకుంటుంది. అలాంటప్పుడు అడ్డవీధిలోకి మళ్లి దూరం పెంచడం తప్ప ఆదేశాలేవీ పనిచేయవు. తిరిగొచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకడం ఇద్దరికీ తప్పనిసరి. పిడుదు జ్వరం రక్తంలోని ప్లేట్‌లెట్లను పడగొడుతుంది.

జూన్

నెలాఖరుకు మల్లి రాజా లేనప్పుడూ 'ఇటు' అంటే దాదాపు ప్రతిసారీ వస్తోంది. వాడు వ్యతిరేక దిక్కుగా పోతున్నప్పుడు పిలిస్తే ఇంకా తటపటాయిస్తోంది. ఈ రెండో పరీక్షలో నిలకడ వచ్చేవరకు పట్టీ విప్పే ఆలోచన లేదు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన కుక్కల పార్కుకు తీసుకెళ్లమని మిత్రులు అంటున్నారు. నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణం మాట అటుంచితే, తెలియని కుక్కల మధ్య పిలిస్తే రాని పిల్లను విడిచిపెట్టడం నాకు సమ్మతం కాదు. ప్రస్తుతం చేతిలో ఉన్న పని కాలింగ్ బెల్. అది మోగగానే ఇద్దరూ ఒకేసారి తలుపు మీదకు దూకుతున్నారు. ఫోనులో బెల్ శబ్దాన్ని రికార్డు చేసుకుని, తక్కువ ధ్వనితో మొదలుపెట్టి, ముందు మల్లికి, తర్వాత రాజాకు, చివర ఇద్దరికీ కలిపి చాప మీద కూర్చోవడం నేర్పుతున్నాను.