హల్క్ కాళ్ళ కింద నేల

ఆదివారం.

పాల ప్యాకెట్ కోసం పొద్దున ఆరున్నరకు బయటికెళ్ళినవాణ్ణి ఎనిమిదికి గానీ ఇల్లు చేరలేదు. ఈలోగా మా ఆవిడ పక్కింటివాళ్ళ దగ్గర పాలు అప్పు తెచ్చుకుని కాఫీ తాగేసింది కూడా. తప్పు నాదే. వెనక వీధిలో ఒక ఇల్లు లేపుతుంటే అక్కడ ఆగిపోయాను.

ముప్పై ఏళ్ళ నాటి డాబా ఇల్లు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి అది పల్లంలో పడింది. వానొస్తే నీళ్ళు నేరుగా హాల్లోకి. మూడడుగులు లేపడానికి హర్యానా నుంచి మనుషులొచ్చారు. గోడల అడుగున ఇటుక తొలిచి, ఇనప చానళ్ళు దూర్చి, వాటి కింద వరసగా స్క్రూ జాకీలు పెట్టారు. లెక్కపెట్టాను, 148. ఒక్కొక్కరికి పది పన్నెండు జాకీలు. మేస్త్రీ ఈల వేస్తే ఎవరి వరసని వాళ్ళు రాడ్డుతో ఒక్కో పావు చుట్టు తిప్పుకుంటూ పోతారు. అందరూ అయ్యాక మళ్ళీ ఈల. ఇల్లు కదిలినట్టే ఉండదు. వరండాలో మేకుకి వేలాడుతున్న కేలండర్ కూడా ఊగలేదు.

ఇల్లు ఎంతుంటుందని అడిగితే నూట యాభై టన్నులన్నాడు మేస్త్రీ. అంటే జాకీకి టన్ను చొప్పున. నేను సైట్ ఇంజనీర్ని. స్లాబు బరువు బీముకి, బీముది కాలమ్‌కి, కాలమ్‌ది నేలకి, ఇలా ఇరవై ఏళ్ళుగా బరువుల్ని కిందికి దించడమే నా పని. పైకి లేపేవాళ్ళని చూస్తే కాస్త కుళ్ళుగానే ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి హాల్లో యుద్ధం. దసరా సెలవులకి మా అక్క కొడుకు వచ్చి ఉన్నాడు, ఇంటర్ సెకండియర్. మా వాడు తొమ్మిదో తరగతి. బావా బావా అంటూనే వీడు వాడి మీద దిండు విసురుతున్నాడు. కామిక్ పుస్తకాల హీరోల్లో హల్క్ గొప్పా, సూపర్‌మ్యాన్ గొప్పా? నాలుగు రోజులుగా ఇదే గొడవ. ఇవాళ మాత్రం న్యూటన్‌ని కూడా లాక్కొచ్చారు కాబట్టి తీర్పు చెప్పమని నన్ను కూర్చోబెట్టారు.

"హల్క్‌కి అతి పెద్ద ఫీట్ ఏదో తెలుసా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. ఎన్ని ఫీట్లు అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఫీట్ అంటే అడుగులు కాదట, కామిక్‌లో అచ్చయిన ఘనకార్యమట. దాన్ని చూపించి బలం లెక్కగట్టడాన్ని స్కేలింగ్ అంటారట. నా ఉద్యోగమంతా ఫీట్లు, స్కేలే. ఇక్కడ ఒక్క మాటకీ నాకు అర్థం తెలియలేదు.

ఆ ఘనకార్యం 1984లో మార్వెల్ వాళ్ళ సీక్రెట్ వార్స్ నాలుగో సంచికలో ఉంది. మాలిక్యూల్ మ్యాన్ అనే విలన్ హీరోలందరి మీదా ఒక పర్వతశ్రేణిని పడేస్తాడు. హల్క్ దాన్ని రెండు చేతుల మీద ఆపుతాడు. బరువు 150 బిలియన్ టన్నులని అట్ట మీదే వేశారు. మన లెక్కలో 15,000 కోట్ల టన్నులు. పట్టు సడలకుండా రీడ్ రిచర్డ్స్ అనే ఇంకో హీరో పక్కనే నిలబడి హల్క్‌ని మాటలతో రెచ్చగొడుతుంటాడు, కోపం పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది కదా మరి. (ఈ పద్ధతి మా సైట్లోనూ వాడతారు. పని చేయదు.)

సిమెంటు బిల్లు వెనక లెక్క మొదలుపెట్టాను. చేతుల సంగతి వాళ్ళు చూసుకుంటారు, నేను పాదాల దగ్గరికెళ్ళాను. హల్క్ పాదం అరమీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. రెండూ కలిపి 0.2 చదరపు మీటర్లు. అమెరికా టన్ను కాస్త చిన్నది, దాన్ని వదిలేద్దాం. చదరపు మీటరుకి 75,000 కోట్ల టన్నులొచ్చింది. గట్టి గ్రానైట్ ఇరవై వేల టన్నుల దగ్గర నలిగిపోతుంది. భూమి నడిమధ్యలో ఉండే ఒత్తిడే మూడున్నర కోట్ల టన్నుల చిల్లర. దానికి ఇరవై వేల రెట్లు హల్క్ అరికాలి కింద ఉంది.

"అంటే చేతులు ఎంత బలంగా ఉన్నా ఒకటేరా. మెత్తటి నేల మీద స్టూల్ కాలు దిగబడినట్టు దిగబడిపోతాడు. కొండ, కొండతోపాటు హల్క్, వాడి వెనకాల మిగతావాళ్ళు."

"అది భూమి కాదు మామయ్యా, బాటిల్‌వరల్డ్. వేరే గ్రహం."

"సాయిల్ టెస్ట్ రిపోర్ట్ ఉందా?"

మా వాడు ఎగిరి గంతేశాడు, సూపర్‌మ్యాన్ గెలిచాడని. ఆగరా అన్నాను. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చినప్పుడు వాడికి ఎగరడం రాదు. గెంతడమే, మైలులో ఎనిమిదో వంతు. నిట్టనిలువుగా అనుకుంటే 200 మీటర్లు. గెంతే ముందు మోకాళ్ళు వంచి అరమీటరు దిగాడనుకో. ఆ అరమీటరులోనే గంటకి 225 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. 200ని అరతో భాగిస్తే 400. ఒంటి బరువుకి నాలుగు వందల రెట్ల బలంతో నేలని తన్నాలి. వంద కిలోల మనిషికి 40 టన్నులు. నిండు లోడుతో ఉన్న పెద్ద టిప్పర్ రెండు అరికాళ్ళ మీద నిలబడినట్టు. మన వీధిలో గెంతితే రెండు గుంతలు ఖాయం. ఉన్నవి చాలవన్నట్టు.

చీమ తనకంటే ఎన్నో రెట్ల బరువు మోయట్లేదా అని అదే సంచికలో ఒక సమర్థన కూడా ఉంది. అది నిలవదు. కొలతలు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, ఆ బరువు మోయాల్సిన ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే. గెలీలియో 1638లోనే తేల్చేశాడు.

"విమానాన్ని ముక్కు దగ్గర ఒంటిచేత్తో ఆపుతాడుగా?" మా వాడు వదల్లేదు. ఆపితే చెయ్యి రేకులోంచి లోపలికి పోతుంది. బిల్డింగ్ మూల పట్టుకుని లేపితే మూల ముక్క చేతికొస్తుంది, బిల్డింగ్ అక్కడే ఉంటుంది. పొద్దున చూసిన ఇంటి సంగతి చెప్పాను. నూట యాభై టన్నులు ఎత్తగల క్రేన్లు బోలెడున్నాయి, అయినా ఆ ఇంటికి 148 చోట్ల చెయ్యి వేయాల్సొచ్చింది.

మా వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, 1993లో వచ్చిన సూపర్‌బాయ్‌కి వేరే పవర్ ఉందట. చెయ్యి ఆనిన వస్తువు మొత్తాన్నీ మనసుతోనే పట్టుకుంటాడట, ఎక్కడా విరగకుండా.

"అంటే జాకీలే కదా నాన్నా?"

జాకీలే. ఎవరో రచయితకి ఆ మూల ముక్క చేతికొచ్చే దృశ్యం కళ్ళ ముందు కదిలి ఉంటుంది. ఆ రచయిత మీద నాకు గౌరవం కలిగింది.

భోజనాల దగ్గర మేనల్లుడు స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ సంగతి ఎత్తాడు. ఆ పిల్ల పేరు నాకు తెలుసు. 1973లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక. గ్రీన్ గాబ్లిన్ వంతెన మీంచి తోసేస్తే, పడిపోతున్న అమ్మాయిని స్పైడర్‌మ్యాన్ దారం వేసి పట్టుకుంటాడు. పైకి లాగి చూస్తే ప్రాణం లేదు. దారం తగిలిన బొమ్మలో మెడ పక్కన చిన్న అక్షరాలతో ఒక టక్కుమనే చప్పుడు రాసి ఉంటుంది. పడటం వల్ల పోయిందా, ఆపడం వల్ల పోయిందా అని అభిమానులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. మినసోటా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కాకాలియోస్ 2005లో సూపర్‌హీరోల భౌతికశాస్త్రం మీద పుస్తకం రాస్తూ దీన్నీ లెక్కకట్టాడు. ఆపడం వల్లే.

మా సైట్లో ఎత్తు మీద పనిచేసేవాళ్ళ బెల్టు తాడుకి చిన్న సంచీ లాంటిది ఉంటుంది. లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ. మనిషి పడితే ఆ కుట్లు ఒక్కొక్కటీ పర్రున తెగుతూ తాడు సాగుతుంది. అక్కడ దొరికే ఆ కాస్త సమయమే మనిషిని కాపాడేది. ఇది చెబుతుంటే పిల్లలిద్దరూ తినడం ఆపేశారు. "అన్నం దగ్గర ఈ చావుల గోలేంటండీ?" అని మా ఆవిడ పప్పు గిన్నె నా ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. పక్క గదిలోంచే మేనల్లుడి వాట్సాప్. "మామయ్యా, హల్క్ కింద వైబ్రేనియం రాఫ్ట్ వేస్తే?"

వైబ్రేనియం అంటే మార్వెల్ కథల్లోని ఊహా లోహమట. రాఫ్ట్ సంగతి, అంటే నేల బలహీనంగా ఉంటే ఇల్లంతటి కిందా ఒకే పలకలా స్లాబు వేస్తామని, మధ్యాహ్నం నేనే చెప్పాను. లేచి లైటు వేశాను. మామూలు నేల చదరపు మీటరుకి పది టన్నులు మోస్తుందనుకుంటే 15,000 చదరపు కిలోమీటర్ల రాఫ్ట్ కావాలి. పాత కృష్ణా జిల్లా మొత్తం 8,727. జిల్లా అంతా వేసినా చాలదు, ఇంకో ముప్పాతిక జిల్లా దాకా కావాలి. అదే రాసి పంపాను.

రాఫ్ట్ సొంత బరువు ఇంకా కలపలేదు.