ఆగిపోయిన తెర, ఒక మాట

నిన్న రాత్రి నా ప్రోగ్రామ్ ఒక పెద్ద ఫైలును చదివే కోడ్ వరుస దగ్గరికి రాగానే తెర మొత్తం నిలిచిపోయి, బటన్ ఎన్నిసార్లు నొక్కినా పలకకపోవడంతో, ‘సింక్రనస్’ అనే మాట గురించి చాలాసేపు ఆలోచించాను. గ్రీకు మూలంలో దాని అర్థం ‘కాలంతో కలిసి’. 1665లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఒకేచోట వేలాడుతున్న రెండు లోలక గడియారాలను గమనించినప్పుడు, వాటి ఊపును ఎలా చెదరగొట్టినా అరగంటలోపే అవి తిరిగి ఒకే లయకు వచ్చి, ఎదురెదురు దిశల్లో ఊగాయి. రెండింటినీ మోస్తున్న ఆధారపు సూక్ష్మమైన కదలికే అందుకు కారణం. ఎంత అందమైన విషయం!

ప్రోగ్రామింగ్‌లో మాత్రం సింక్రనస్ అంటే, అడిగిన పని పూర్తయి ఫలితం చేతికి అందేవరకు తరువాతి వరుసకు కదలకపోవడం. పిలిచిన భాగమూ పని చేసే భాగమూ ఒకే కాలానికి కట్టుబడి ఉంటాయి కనుక ఆ పేరు సరైనదేనని నాకు తోచింది. చదివే పనిని అసింక్రనస్‌గా, అంటే ఫలితం కోసం ఆగకుండా ముందుకు సాగేలా, మార్చాక, ఫైలు ఇంకా వస్తుండగానే బటన్ పలికింది.