పారేయని ప్లేటు

లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కి నాలుగో కీమో అయ్యాక పొడిదగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. సీటీలో ఊపిరితిత్తిలో గడ్డ, దాని మధ్య గుల్ల. కళ్లె పరీక్షలో టీబీ దొరకలేదు, సూక్ష్మజీవుల్ని పెంచి చూసే మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అయినా టీబీ మందులే మొదలుపెట్టారు.

పదో రోజు రాత్రి చేతిలో గ్లాసు జారిపోయింది. తీద్దామంటే కుడిచేతి వేళ్లు మాట వినలేదు. ‘నీళ్లు’ అనబోతే నోట ఇంకేదో వచ్చింది. ఎమర్జెన్సీలో, స్కాన్ కూడా తీయకముందే, డ్యూటీ డాక్టరు మా ఆవిడతో “క్యాన్సర్ మెదడుకు పాకినట్టుందమ్మా, మనసు గట్టి చేసుకోండి” అన్నాడు. మాట పడిపోయినవాడికి చెవులు కూడా పోయాయనుకున్నాడేమో! తెల్లవార్లూ ఆవిడ నా కాళ్ల దగ్గరే కూర్చుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఎంఆర్ఐలో ఉంగరంలాంటి మచ్చ కనబడింది. క్యాన్సరైనా, చీముగడ్డైనా అలాగే కనబడొచ్చు. ఎంఆర్ఐలోనే తీసే డిఫ్యూజన్ అనే చిత్రంలో నడిమి భాగం తెల్లగా మెరిస్తే చీము వైపే మొగ్గు. నాది మెరిసింది.

ఊపిరితిత్తిలోకి గొట్టం పంపి శాంపిల్ తీసే బ్రాంకోస్కోపీ, సంతకాలు, అవన్నీ వదిలేస్తున్నా. నన్ను బతికించింది ల్యాబులో మైక్రోబయాలజిస్టు. శాంపిల్లో కొమ్మలు వేసిన సన్నటి దారాలు చూసి నొకార్డియా అనే బ్యాక్టీరియా అని అనుమానించారామె. టీబీ రంగు పరీక్షలో వాడే బలమైన ఆమ్లానికి ఇది రంగు వదిలేస్తుంది, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే నిలుపుకుంటుంది. మామూలు కల్చర్ ప్లేట్లను రెండు మూడు రోజులు చూసి పారేస్తారు. ఇది కంటికి కనబడటానికి వారం పట్టొచ్చు, ఒక్కోసారి మూడు వారాలు. ఆమె అట్టేపెట్టిన ప్లేటు మీద తొమ్మిదో రోజుకి సుద్దపొడిలాంటి తెల్లటి చుక్కలు లేచాయి. నా మొదటి కళ్లె ప్లేటు ఎప్పుడో చెత్తలోకి పోయింది. ఆ కోపం ఇంకా ఉంది.

నొకార్డియా మట్టిలో ఉండేదే, దుమ్ముతో లోపలికి పోతుంది. ప్రతి కీమోకి ఐదు రోజులు వేసుకున్న 100 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించి దానికి దారి ఇచ్చింది. ఇది ఊపిరితిత్తి నుంచి మెదడుకు పాకగలదు, అందుకే అక్కడ దొరికితే తలనొప్పి లేకపోయినా మెదడు స్కాన్ చేయాలి. ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో కూడా తేల్చాలి. ఫార్సినికా రకం నొకార్డియా సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగదు.

నాకు కోట్రైమాక్సజోల్, ఇమిపెనెం అనే యాంటీబయాటిక్ మందులు ఆరు వారాలు సెలైన్‌లో ఎక్కించారు. తర్వాత మాత్రలు, మొత్తం ఏడాది. ఆ మోతాదులో కోట్రైమాక్సజోల్ పొటాషియాన్ని పెంచుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌ని కూడా. రక్తకణాలు తగ్గుతాయి. నెలల తరబడి రక్తపరీక్షలు తప్పలేదు. మూడో నెలకే బాగైపోయిందనిపిస్తుంది, అక్కడ ఆపితే తిరగబెడుతుంది.

కీమోలో ఉండి దగ్గు తగ్గనివాళ్లు శాంపిల్ కాగితం మీద ‘నొకార్డియా అనుమానం, ప్లేట్లు మూడు వారాలు ఉంచండి’ అని డాక్టరు చేత రాయించుకోండి. నివారణకని వారానికి మూడు కోట్రైమాక్సజోల్ మాత్రలు వేసుకుంటున్నాం కదా అని ధీమా పడకండి. నేనూ వేసుకున్నవాణ్ణే.

మా ఆవిడ దేవుడి దయ అంటుంది. కాదనను. ల్యాబుకి వెళ్లి మాత్రం దణ్ణం పెట్టొచ్చాను.

ఆ డ్యూటీ డాక్టరు తర్వాత వార్డులో కనబడి “అదృష్టవంతులు” అన్నాడు. మా ఆవిడ లేచి బయటికెళ్లిపోయింది.